గుడ్డ కప్పిన పసుపు రంగు

ఈ కబురు మొదట నా చెవిన వేసింది మా ఆడపడుచు కూతురు. మారతహళ్ళిలో స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాటులో ఉంటూ పరిశోధన చేసుకుంటున్న పిల్ల. పోయిన శుక్రవారం నేను దీపం పెట్టి లేచేసరికి ఫోను చేసి, పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టినవాళ్ళకూ, సగం దారిలో ఉన్నవాళ్ళకూ అండగా ఉండేందుకని అన్ని శాస్త్రాలవాళ్ళనూ కలిపి జరిపే ఒక సదస్సుకు తనను పిలిచారని చెప్పింది. సంతోషించి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను గానీ, ఆ వెంటనే, ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు, భోజనాలు ఎవరు పెడతారు అని ఆరా తీయకుండా ఉండలేకపోయాను. పిల్ల నవ్వి, వాళ్ళ అమ్మను కూడా ఇంట్లో ఇట్లాగే అడిగారట కదా అంది. అడిగాము, నిజమే. అడగడమే కాదు, వెంట కాపలాగా నన్ను పంపించారు కూడా.

అది తొంభైల చివరి మాట. అప్పట్లో మేము అదే ఊళ్ళో, నగర్తపేటలో, కింద మగ్గాలూ రంగు తొట్లూ, పైన సంసారమూ ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళం. పట్టుచీరల అంచులకు మా మామగారు సంపాదించిన పేరు ఉండేది, ఆ పేరు వెనకాలే భయమూ ఉండేది. ఎవరైనా గడప దాటి లోపలికి వస్తే చాలు, మా అత్తగారు పలకరింపు కంటే ముందు మగ్గం మీద గుడ్డ కప్పేవారు. ఒకసారి ఎవరో పెద్దమనిషి మజ్జిగ తాగి, క్షేమసమాచారాలు అడిగి, వెళ్ళిన కొన్నాళ్ళకే మా కొత్త అంచు వాళ్ళ అంగడిలో వేలాడిందట. ఆ మజ్జిగ సంగతి నేను కోడలిగా వచ్చేనాటికే పాతబడింది గానీ, మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. మా వీధిలో అన్ని ఇళ్ళదీ అదే తీరు. సరుకు అంగడికి చేరేదాకా నమూనా ఎవరి కంటా పడకూడదు, పడితే అది మనది కాదు.

ఆ ఇంట్లో పుట్టిన పిల్ల మా ఆడపడుచు. రంగు తొట్ల మధ్య పెరిగింది కాబట్టేమో, రసాయనశాస్త్రం చదివి, మోదుగపువ్వు పసుపు పట్టు మీద వెలిసిపోకుండా నిలబెట్టే దారి కనిపెట్టింది. ఎన్నిసార్లు ఉతికినా, ఎండలో ఆరవేసినా ఆ పసుపు అట్లాగే ఉండేది. పూజ గదిలో దేవుడి పటానికి కట్టిన ఆ దారాన్ని చూసి ఎన్ని సార్లు చేతులు జోడించానో. అయితే ఆమెను చేయిపట్టి నడిపించిన ప్రొఫెసరు రిటైరయ్యాడు, ఆమెకు వచ్చే ఫెలోషిప్పు ఆగిపోయింది. తన ప్రయోగశాలలో చోటిచ్చే మరొక పెద్దమనిషి దొరక్కపోతే, ఆ వేసవితో పరిశోధన మూటగట్టి ఎక్కడో బడిలో చేరక తప్పదు. అటువంటి సమయంలో వచ్చింది, ఇట్లాంటి సదస్సుకే ఒక పిలుపు.

ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో హోటళ్ళలో మీటింగులు పెట్టి, వడా కాఫీ ఇచ్చి, చివరికి ఏదో స్కీములో చేర్చేవాళ్ళు కొల్లలు. "సుమ్నే, ఊరికే ఎవురన్నా కూర్చోబెట్టి అన్నం పెడతారా అప్పా?" అన్నారు అత్తగారు మా వారితో. మా వారి అనుమానం ఇంకోటి. అక్కడ బట్టల మిల్లువాళ్ళ మనుషులు తప్పకుండా ఉంటారని, రంగు సంగతి లాగేస్తారని. పోవద్దని అనలేదు, పాపం. పొమ్మని, వదినను వెంట తీసుకుపొమ్మని, సగం చెప్పి సగం దాచుకొమ్మని అన్నారు.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే, పీటమీద కూర్చోబెట్టి, భాగవత పద్యాలతో తెలుగు నేర్పారు. ఆ రుణం ఈ జన్మకు తీరదు. ఇంగ్లీషు మాత్రం నాకు రాదు. అలాంటిదాన్ని, ఆ పెద్ద హాల్లో, మనసులో నామం చెప్పుకుంటూ, ఒక్కొక్క మనిషినీ దొంగను చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. అన్నీ అనుమానంగానే ఉన్నాయి. అందరి మెడల్లో పేర్లు వేలాడుతున్నాయి. ఒకే శాస్త్రం వాళ్ళు ఇద్దరు ఒక బల్ల దగ్గర కూర్చోకూడదట, అదొక నియమం. తెలియనివాడికి చెబితేనే తన పని తనకు తెలుస్తుందని దాని భావమని ఆడపడుచు చెప్పింది గానీ, తెలిసినవాళ్ళను విడదీసి మాటలు రాబట్టే ఉపాయమేమో అని నాకు తోచింది. ఒకాయన మా ఆడపడుచును పసుపు రంగు గురించి అడిగిందే అడుగుతుంటే వీడే మిల్లు మనిషి అని తీర్మానించుకున్నాను. ఆయన కప్పల మీద పరిశోధన చేస్తున్నాడని, ఆకుపచ్చ కప్పకు పసుపు ఎట్లా వస్తుందన్నదే ఆయన బాధ అని తరువాత తెలిసింది.

వరండాలో ఎవరి పని వాళ్ళు పోస్టరుగా గోడకు తగిలించారు. మా ఆడపడుచు కూడా తగిలించి, ఉతికిన దారాలూ, రంగు నిలిపే విధానమూ ఉన్న కింది సగానికి ఇంటి నుంచి తెచ్చిన గుడ్డ కప్పింది. ఎవరూ చెప్పకుండానే చేసింది, మా ఇంటి బిడ్డ కదా. నాకు ప్రాణం కుదుటపడింది. అయితే మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గోడ దగ్గర ఎవరూ నిలవడం లేదు. పై సగంలో అందరికీ తెలిసిన సంగతులే ఉంటే ఎవరు నిలుస్తారు? వేదిక మీద మాట్లాడేవాళ్ళు పొద్దున్నే పేరు ఇవ్వాలి, ఆమె భయపడి ఇవ్వలేదు. చోటు ఇవ్వగల ప్రొఫెసరు ఒకరు పూణే వైపు నుంచి వచ్చి ఉన్నారు. ఆయన వేదిక మీది మాటలు విని, సాయంత్రం రైలుకు వెళ్ళిపోతారు.

అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది ఒకావిడ. నడివయసు, నేత చీర, కోలారు వైపు కాలేజీలో చరిత్ర చెప్పే పంతులమ్మ.

"ఏమ్మా, ఆ గుడ్డ కింద ఏముండాది?" అంది.

నేను బదులివ్వకుండా, ఆమెకు మిల్లుల్లో చుట్టాలు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. "నావాళ్ళంతా మట్టిలో ఉండారమ్మా, ఎప్పుడో రాజులు" అని నవ్వి, మా ఆడపడుచును పిలిచి కూర్చోబెట్టుకుంది. తాను ఒక చేనులో రాతి మీద శాసనం చూసిందట. ఎవరైనా ఎత్తుకుపోతారని ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదట. ఈలోగా ఇంకొకరు అదే రాయి చూసి అచ్చువేసుకున్నారట. ఇప్పుడది వాళ్ళ శాసనం.

"యాపారంలో చూపిస్తే పోతాది పాపా, నిజమే. ఇక్కడ చూపించకపోతేనే పోతాది," అంది. "నలుగురి ముందర చెప్పు. ఆ నలుగురే నీకు కాపలా."

మా ఆడపడుచు లేచి గోడ దగ్గరికి వెళ్ళి గుడ్డ అంచు పట్టుకుంది.

"వదినా, తీసేస్తా."

"మీ అన్నకు ఏమని చెప్పేది?"

"నేను చెప్పుకుంటాలే."

గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. అయినా ఏం లాభం, వేదిక మీద పేరు లేదు కదా అనుకుంటూనే లోపలికి వెళ్ళాము. కొంతసేపటికి ఆ చరిత్ర పంతులమ్మను పిలిచారు. ఆవిడ లేచి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, మా పిల్ల వైపు చెయ్యి చూపి కూర్చుండిపోయింది. తన వంతు ఇచ్చేసింది. ఆవిడ కూడా అక్కడ పరిశోధన చేసుకునే చోటు వెతుక్కోవడానికే వచ్చిందని, ఆ వంతు తప్ప ఆవిడకూ వేరే దారి లేదని నాకు తెలిసింది ఇంటికి వచ్చాక, ఆడపడుచు చెబితే. అప్పుడు మాత్రం, ఈమెకు ఇందులో లాభమేమిటి అని వెతుకుతూ కూర్చున్నాను.

మా ఆడపడుచు మొదట తడబడి, తరువాత దాచకుండా అంతా చెప్పింది. పూణే ప్రొఫెసరు వరండాలోకి వచ్చి దారాన్ని వెలుతురులో పట్టి చూసి, ఏవేవో అడిగి, రైలు టైమవుతున్నా కదల్లేదు. వర్షాలకు ముందే ఆమె ఆయన ప్రయోగశాలలో చేరింది. కొన్నాళ్ళకు, మేము భయపడినట్టే ఒక మిల్లువాళ్ళు ఆ పసుపు గురించి వచ్చారు. అయితే ఆమె పేరు అచ్చులో చూసి, అనుమతి అడగడానికి వచ్చారు. అత్తగారు మగ్గం మీద గుడ్డ కప్పి, ఆ తరువాతే వాళ్ళకు మజ్జిగ ఇచ్చారు.

ఇప్పుడు ఆ ఇంటి కింద సెల్‌ఫోను తొడుగులు అమ్ముతున్నారు. అనుమానం మాత్రం నన్ను వదిలిపోలేదు, ఈ వయసులో ఇక పోదు. ఏ మంచి కనపడినా దాని వెనక ఎవరున్నారని చూస్తాను. ఒకప్పుడు మనుషులు ఎదురుగా కూర్చుని అడిగేవాళ్ళు, మనమూ కళ్ళలోకి చూసి అనుమానపడే వీలుండేది. ఇప్పుడు అంతా ఫోనుల్లోనే, అడిగేవాళ్ళే కనపడరు, ఎవరిని అనుమానించాలో, ఎవరికి దణ్ణం పెట్టాలో కూడా తెలియడం లేదు.

మా ఆడపడుచు తరువాత కోలారు వెళ్ళి అడిగితే ఆ పంతులమ్మ బదిలీ అయిపోయిందన్నారు, ఎక్కడికో సరిగా చెప్పినవాళ్ళు లేరు. ఆ రాతి శాసనం ఏ పుస్తకంలో ఉన్నా ఆమె పేరు లేకుండానే ఉంటుంది. నా ఈడువాళ్ళూ, ఇది చదివేవాళ్ళూ, మీరు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి ఆవిడను తలుచుకోండి. ఆ రాయిని మొదట చూసింది ఆవిడే.