మా మందిరం ఒక సినిమాకు తీర్పు చెప్పిన వారం

తిరువళ్ళూరులోని మా తెలుగు క్రైస్తవ మందిరానికి ఒక మాసపత్రిక ఉంది. దాన్ని చదివేవాళ్ళంతా ముసలివాళ్ళే. వాళ్ళ పిల్లలకు తమిళం చదవడమే వచ్చు. అయినా విశ్వాసులు ఏ సినిమా చూడవచ్చో, ఏది చూడకూడదో అందులో ప్రతి నెలా తీర్పు పడుతుంది. దాన్ని రాసేది నేను. తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడం నా అర్హత. తీర్పు మాత్రం పెద్దలు ముందే చెప్పేస్తారు.

ఆ నెల వాళ్ళు ఎంచుకున్నది ఒక విదేశీ రాజకీయ నాయకుడి జీవితకథ. అతను మగవాణ్ణి ప్రేమించిన మగవాడు. తనలాంటివాళ్ళ హక్కుల కోసం ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. ఇన్ని సినిమాలుండగా ఇదే ఎందుకో నాకు తెలుసు. మందిరంలో కీబోర్డు వాయించేది మా తమ్ముడు. వాడికి తిరుత్తణిలో ఉద్యోగం, అక్కడే ఒక స్నేహితుడితో కాపురం. కాపురమని నేనంటాను, మందిరంలో రూమ్మేటు అంటారు. వాళ్ళిద్దరూ మురుగన్ గుడి కొండ మెట్ల మీద చేతిలో చెయ్యి వేసుకుని కూర్చున్నారని మా పెద్దల్లో ఒకాయన చూసొచ్చి చెప్పాడు. ఆయన ఆ కొండ ఎందుకెక్కాడని ఎవరూ అడగలేదు. సినిమా సంగతి తేలాక తమ్ముణ్ణి కీబోర్డు మీద ఉంచాలా, తీసేయాలా అన్నది తేలుస్తారట. చిన్నప్పటి నుంచీ వాడికి ఆదివారమంటే ఆ కీబోర్డే. దాన్ని లాగేసుకుంటారని నాకు భయంగా ఉండింది.

శనివారం సాయంత్రం పాస్టరుగారి ఇంట్లో టీవీ ముందు చేరాం. మాటలకు అర్థం చెప్పడం నా పని. రిమోటు ఆ కొండెక్కిన పెద్దాయన చేతిలో ఉంది. పాపం కనబడగానే బొమ్మను ముందుకు పరుగెత్తించడం ఆయన పరిచర్య. ఇద్దరు మగవాళ్ళు కాస్త దగ్గరగా నిలబడితే చాలు, నొక్కేవాడు. చివరికి మాకు మిగిలిన సినిమాలో ఒక మంచి మనిషి పేటకు కొళాయిలు వేయించాడు, ముసలివాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించబోతే అడ్డంపడ్డాడు, పైసా లంచం ముట్టలేదు.

"ఇట్లాంటోడు మనకు కౌన్సిలరుగా వచ్చింటే మణవాళనగర్ రోడ్డు ఇట్లుంటుందా?" అన్నాడు రిమోటు పెద్దాయన.

ఆఖరున నాయకుడు జబ్బుపడ్డాడు. ఒకతను మంచం పక్కనే ఉండి గంజి తాగించాడు, ఒళ్ళు తుడిచాడు, ప్రాణం పోయేదాకా చెయ్యి వదల్లేదు. అతనెవరో తెలిపే సీన్లన్నీ అంతకుముందే పరుగెత్తి పోయాయి. పాస్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"తమ్ముడంటే ఇట్లుండాల. ఈ కాలంలో యాడుండారు ఇట్లాంటి తమ్ముళ్ళు!"

పాస్టరుగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే, "చూడకూడని సినిమా అని రాసేయమ్మా," అన్నారు నాతో. "ఇంక కీబోర్డు సంగతి. మీ వాణ్ణి కొన్నాళ్ళు సుమ్మా, ఊరికే విశ్రాంతి తీసుకోమందాం. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పన్లే."

నాకు ఒళ్ళు మండింది. "ఆ గంజి తాపినోడు తమ్ముడు కాదయ్యా. ఆయన మొగుడు," అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు రిమోటు పెద్దాయన టీవీని గుర్రుగా చూశాడు.

"మొగుడా?" అంది పాస్టరమ్మ. "నేను ఏడ్చేసినానే! ఇప్పుడు దాన్ని ఎట్ల వెనక్కి తీసుకొనేది?"

పాస్టరుగారు బైబిలంతా తిరగేశారు గాని, దానికి సరిపడే వాక్యం దొరకలేదు. తీర్పు మాత్రం మారలేదు.

మర్నాడు కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. తమ్ముడు వెనక వరుసలో నా పక్కన కూర్చున్నాడు. వాడి వేళ్ళు ఒళ్ళో ఊరికే కదులుతుంటే నేను చూడలేకపోయాను. పాట ఎత్తుకోవలసింది పాస్టరమ్మ. ఆమె మైకు ముందు నిలబడి నోరు తెరవలేదు. పాస్టరుగారు దగ్గారు. మళ్ళీ దగ్గారు.

"ఆ పిల్లోడు వాయిస్తేనే నేను పాడేది," అందామె, మైకులోనే.

మందిరమంతా వెనక్కి తిరిగింది. పాస్టరుగారు నవ్వు తెచ్చుకుని చెయ్యి ఊపారు. "రా నాయనా, విశ్రాంతి చాల్లే."

తమ్ముడు లేచాడు గాని కదల్లేదు. "నేను విశ్రాంతి అడగలేదయ్యా. మీరు తీసేసినారు. ఎందుకు తీసేసినారో అందరికీ చెప్పండి. చెప్పినాంక కూడా రమ్మంటే వస్తాను."

నాకు గర్వంతో కళ్ళు నిండాయి.

పాస్టరుగారు మైకు అందుకున్నారు. చెబుతారనే అనుకున్నాం. ఆయన బైబిలు తెరిచి తప్పిపోయిన గొర్రె మీద ప్రసంగం మొదలుపెట్టారు. తమ్ముడు నిలబడే ఉన్నాడు. పాస్టరమ్మ వేదిక దిగి, నడవ వెంట నడిచొచ్చి, వాడి పక్కన తనూ నిలబడింది. ఆ ఆదివారం మా మందిరంలో పాట లేకుండానే ఆరాధన ముగిసింది.