మోడెం పిలుపుకి పలికిన దేముడమ్మ

దేముడమ్మ పేరు చెబితే మా మిషన్ బంగళాకి వచ్చిపోయిన ఫాదర్లందరూ ఆమె కాచే చోడి అంబలిని, అదే రాగి జావని, తలుచుకుంటారు. నేను మాత్రం మోడెంని తలుచుకుంటాను. నవ్వకండి. నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది, చెప్పడం ఆపేస్తాను.

నేను క్రిస్టినాని. మాది నర్సీపట్నం. కంప్యూటర్ కోర్సు పూర్తయిన కొత్తలో, గూడెం కొత్తవీధి దాటి ఇంకా పైకి, కొండ మీదున్న మిషన్ డిస్పెన్సరీలో ఉద్యోగానికి చేరాను. సెల్‌ఫోన్ టవర్లు ఇంకా ఆ దారి పట్టని రోజులవి. డిస్పెన్సరీని నడిపేది సిస్టర్ తెరిసమ్మ. ఆవరణకి ఈ చివర డిస్పెన్సరీ, ఆ చివర ఫాదర్ గారి బంగళా, మధ్యలో కాఫీ తోట. బంగళాలో వంట దేముడమ్మది. పక్క కొండ ఊరి మనిషి. సన్నగా, గట్టిగా ఉండేది, ముక్కుకి మూడు పోగులు. ఆదివారం పూజకి వెనక బెంచీలో కూర్చునేది, కొండదేవత పండగకి కోడినీ కోసేది. అదేమిటంటే, "ఇద్దరూ సూసుకుంటే మంచిదే గదేటి" అనేది.

ఆ డిస్పెన్సరీని పట్నంతో కలపడం నా పని. సిస్టర్ రోగి రక్తపు చుక్కని గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపుకి కెమెరా ఆనించి ఫొటో తీసేవారు. దాన్ని నేను విశాఖలో ఉన్న డాక్టర్ దేవీప్రసాద్ గారికి పంపాలి. అందుకు మాకున్నది ఒకే ఒక్క ఫోను లైను, దానికి తగిలించిన మోడెం. కంప్యూటరులోని బొమ్మని కూతలుగా మార్చి ఫోను తీగ మీద పంపే పెట్టె అది. పట్నంలో ఇంకో మోడెం ఆ కూతలు విని మళ్లీ బొమ్మ చేసుకుంటుంది.

వినడానికి ఇంతే. చెయ్యబోతే తల ప్రాణం తోకకొచ్చింది. మోడెం సాఫ్ట్‌వేర్ ముందు డయల్ టోన్ వింటుంది, విన్నాకే నంబరు కొడుతుంది. మా లైన్లో డయల్ టోన్ మరీ నీరసంగా ఉండేది. నాకు వినిపించేది, దానికి వినిపించేది కాదు. "డయల్ టోన్ లేదు, డయల్ టోన్ లేదు" అని తెర మీద ఒకటే గోల. సెట్టింగుల్లోకి వెళ్లి, డయల్ టోన్ కోసం ఆగమనే గడిలో టిక్కు తీసేశాను. ఆగకుండా కొట్టింది. ఈసారి ఎక్స్ఛేంజికి అర్థం కాలేదు. కొత్త ఫోన్లలా టోన్లు పాడితే ఆ పాత ఎక్స్ఛేంజి వినదు, గుండ్రటి డయలు తిప్పినట్టు టక టక మని పల్స్ కొడితేనే వింటుంది. దానికీ ఒక గడి ఉంది, మార్చాను. పై ఊరి లైను కోసం ముందు సున్నా కొట్టాక కాస్త ఆగాలని నంబరు మధ్యలో కామా పెట్టాను. కామా ఉన్నచోట మోడెం నిజంగానే ఊపిరి పీల్చుకున్నట్టు ఆగుతుంది. ఆ సంగతి తెలిసిన రోజున ఆ చిన్న కామా మీద నాకు ప్రేమ పుట్టింది.

చివరికి ఒక ఉదయం అది పాడింది. ముందు టకటకలు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, తీగలో గాలి చప్పుడు తప్ప. ఆ మీదట ఎక్కడో ఘాట్ కింద, దూరంగా, సన్నగా ఒక కూత. మా మోడెం దానికి బదులిచ్చింది. రెండూ ఒకదాని గొంతు ఒకటి వెతుక్కుంటూ కూసి కూసి, హోరుమని, ఒక్కసారిగా ఊరుకున్నాయి. స్పీకరు శబ్దం తగ్గించే గడి కూడా ఉంది. నేను తగ్గించలేదు.

వానాకాలమది. మబ్బు కాఫీ చెట్ల మీదుగా వచ్చి, కిటికీ ఎక్కి, మా గదిలో కూర్చునేది. మందుల కోసం వచ్చినవాళ్లు బెంచీల మీద సగం కనబడేవారు, సగం కనబడేవారు కాదు. మోడెం పాడటం మొదలెడితే అందరూ మాటలాపి వినేవారు. ఒకామె చంటిదానికి పాలిస్తూ అలాగే కళ్లు మూసుకునేది. ఆ కాసేపూ కొండలన్నీ దగ్గరికి జరిగి వింటున్నాయనిపించేది నాకు. ఇలాంటివి పైకి అనను. అంటే సిస్టర్ నవ్వుతారు.

పాట బాగానే ఉంది, పనే జరగలేదు. కలిసిన కాసేపటికే లైను తెగిపోయేది. ఫొటో సగం వెళ్లేది, మళ్లీ మొదటికొచ్చేది. వేగం తగ్గించాను. కామాలు పెంచాను. ఉన్న గడులన్నీ నొక్కాను, తీశాను, మళ్లీ నొక్కాను. ఒక్క సంత రోజున మాత్రం ఫొటో సాఫీగా పోయింది. నా సెట్టింగుల మహిమే అనుకుని ఆ సాయంత్రం ఆవరణంతా తల ఎగరేసుకుని తిరిగాను. మర్నాడు మళ్లీ మామూలే. తప్పు లైనుదే అన్నాను. "ఆడలేక మద్దెల ఓడందట" అని సిస్టర్ అననే అన్నారు. లైన్‌మన్ టైటస్ అన్నని పిలిపిస్తే, స్తంభమెక్కి చూసి, "లైను బంగారంలాగుందమ్మా. నీ డబ్బానే సూసుకో" అని దిగి వెళ్లిపోయాడు.

అలాంటి రోజుల్లో భానుని తీసుకొచ్చారు. దేముడమ్మ మనవరాలు, ఎనిమిదేళ్ల గుంట. కీళ్లన్నీ నొప్పులు, కళ్లు పచ్చబడ్డాయి, ఏడ్చే ఓపిక కూడా లేక మంచం మీద ముడుచుకుపోయింది. దేముడమ్మ పొద్దున్నే వచ్చి, దాని పాదాలు నిమిరి, "భానూ, భానూ" అని పిలిచి, బంగళాలో వంటకి వెళ్లిపోయింది. పనిలో పడకపోతే పిచ్చెక్కిపోతుందంది.

సిస్టర్‌కి సికిల్ సెల్ అని అనుమానం. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవళ్లలా వంగిపోయే జబ్బు అది. "అదే అయితే చలీ తడీ తగలకూడదు క్రిస్టినా. ఈ వానలో మోసుకెళితే దారిలోనే ప్రాణం మీదికొస్తుంది. అది కాక ఇంకేదైనా అయితే, ఇక్కడ ఉంచి చేజేతులా చంపుకున్నట్టు" అన్నారు. ఘాట్‌లో చరియ విరిగిపడి బస్సు రావడం లేదు. డాక్టరు గారికి ఫోను చేస్తే, "రక్తం ఫొటో చూడకుండా నేను ఏమీ చెప్పలేను సిస్టర్. పంపండి, ఇక్కడే కూర్చుంటాను" అన్నారు.

భాను తండ్రి బుధు అప్పటికే వరండాలో వెదురు గడకి దుప్పటి కట్టి డోలీ సిద్ధం చేశాడు. "ఎల్లాలంటే బేగి ఎల్లాల సిస్టరమ్మా. పొద్దోతే గెడ్డ దాటలేము" అన్నాడు. గెడ్డ అంటే వాగు. సిస్టర్ నా వైపు చూశారు.

డయల్ చేశాను. మోడెం పాడింది, కలిసింది, ఫొటో కదిలింది. తెగింది. మళ్లీ చేశాను. మళ్లీ తెగింది. దేవుణ్ని పిలిచాను, ఆ వెంటనే మోడెంని "నీ దుంప తెగ" అని తిట్టాను. మూడోసారి తెగినప్పుడు కోపం పట్టలేక ఫోను ఎత్తి విసిరికొడదామని రిసీవరు తీశాను. అందులో మనిషి గొంతు వినిపించింది.

"ఓ…య్! ఓ…య్!"

చాలా దూరం నుంచి పిలుస్తున్నట్టుంది. దాని వెనక కుక్క మొరుగుతోంది. అదే మొరుగుడు కిటికీలోంచి కూడా వినిపించింది. అది ఫాదర్ గారి కుక్క!

కాఫీ తోటకి అడ్డంపడి పరుగెత్తాను. బంగళా హాల్లో, బల్ల మీద గుడ్డ కప్పి ఉండే పాత ఫోను దగ్గర దేముడమ్మ నిలబడి ఉంది. రెండు చేతులతో రిసీవరు పట్టుకుని, కళ్లు మూసుకుని, కొండ అంచున నిలబడ్డట్టు గొంతెత్తి "ఓ…య్" అంటోంది.

"ఏటి సేత్తన్నావు అవ్వా!" అని అరిచాను. కోపమొస్తే నాకూ మా వాళ్ల మాటే వస్తుంది.

"ఎవులో పిలత్తన్నారమ్మా" అంది తాపీగా. "రోజూ పిలత్తన్నారు. నాను పలుకుతున్నాను. మరేటీ అనరు."

ఆ ఫోను పాడై ఏళ్లయిందని మేమంతా అనుకున్నాం. తర్వాత తెలిసింది, నా మోడెం కోసం లైను బాగుచేసినప్పుడు టైటస్ అన్న, ఊరికే ఎందుకు పడుండాలని, ఆ తీగ కూడా కలిపేశాడు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. గంటకి తుప్పు పట్టడంతో అది గట్టిగా మోగదు. మోడెం పల్స్ కొట్టినప్పుడల్లా మాత్రం టింగు టింగు మనేది. దేముడమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, చెయ్యి తుడుచుకుని, నెమ్మదిగా వచ్చి ఎత్తేది. ఆ రెండు మోడెంల కూతలో ఈమె కేక పడి లైను తెగిపోయేది. ఒక్క సంత రోజునే ఆమె బంగళాలో ఉండదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే!

"ఇంకెప్పుడూ ఎత్తకు. ఎవరు పిలిచినా పలక్కు" అన్నాను.

చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. "పిలిత్తే పలక్కుండా ఎలాగుంటారమ్మా?"

అప్పుడు చెప్పింది. ఆ కొండల్లో మబ్బు దిగితే కాళ్ల కింద దారి కూడా కనబడదు. నడిచేవాడు కేకేస్తాడు. విన్నవాళ్లు పలకాలి, శత్రువైనా సరే పలకాలి. ఆ గొంతు వచ్చిన వైపే వాడు అడుగేస్తాడు. ఇల్లు చేరేదాకా పలుకుతూనే ఉండాలి.

"మా ఆయన పిలిసినాడు" అంది. "పొద్దున దెబ్బలాడుకున్నాం. ఆ కోపంతో నాను పలకలేదు. గుమ్మంలోనే ఉన్నాను, బుధు నా ఒళ్లో పాలు తాగుతున్నాడు. అన్ని మాట్లు పిలిసినాడు. పిలిసి పిలిసి గెడ్డేపు ఎలిపోనాడు. మర్నాడు గెడ్డలోంచి తీసి తెచ్చినారు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. కానీ పొద్దు వాలిపోతోంది, అక్కడ బుధు గడ భుజానికెత్తడానికి సిద్ధంగా ఉన్నాడు. చెయ్యి చాచి ఫోను తీగ పీకేశాను. మొహమాటపడే వేళ కాదది. అలాగని ఆమెను అక్కడ వదిలేసి రావడానికీ మనసొప్పలేదు. చెయ్యి పట్టుకుని, "రా అవ్వా. పిలిచేదెవరో, పలికేదెవరో నీ చెవులతోనే విందువుగాని" అని లాక్కొచ్చి, మోడెం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. ఈ ఫొటో వెళితేనే భానుని కదపాలో వద్దో డాక్టరు చెబుతాడని వివరంగా చెప్పాను. తల ఊపింది.

డయల్ చేశాను. టకటకలు ఆగాయి. నిశ్శబ్దం. దేముడమ్మ గొంతు పలకడానికి కదులుతోంది. నేను ఆమె చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాను. దూరంగా పట్నం మోడెం సన్నగా కూసింది.

"పలికింది!" అంది దేముడమ్మ. ఆమె చెయ్యి మెత్తబడింది. "ఎవులో గాని మంచోళ్లు. ఎంటనే పలికినారు."

ఫొటో నత్తలా పాకింది. సిస్టర్ జపమాల పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఫొటో వెళ్లిపోయింది. మొత్తం వెళ్లిపోయింది.

లైను వదలగానే ఫోను మోగింది. డాక్టరు గారే. సిస్టర్ వింటూ వింటూ గోడకి ఆనుకున్నారు. "సికిల్ సెల్లే. కదపొద్దన్నారు. వెచ్చగా ఉంచి, నీళ్లు బాగా పట్టించి, నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇమ్మన్నారు. దారి తెరుచుకోగానే బండి పంపిస్తారట" అన్నారు. వరండాలో బుధు ఆ మాట విని, డోలీ గడ దించేసి, దాని పక్కనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. విప్పిన దుప్పటినే పొయ్యి దగ్గర వెచ్చబెట్టి భానుకి కప్పాం. ఇంజెక్షన్ పడ్డాక అది గోరువెచ్చటి నీళ్లు తాగింది. నొప్పి తగ్గుముఖం పట్టి కాళ్లు చాపుకుని నిద్రపోయింది.

కంప్యూటర్ కట్టేద్దామని గదిలోకి వచ్చేసరికి దేముడమ్మ ఇంకా ఆ స్టూలు మీదే ఉంది. కిటికీలోంచి మబ్బు ఆమె ఒళ్లోకి వచ్చి పోతోంది.

"ఇది ఎంత దూరం పిలుత్తాదమ్మా?" అంది.

"ఎంత దూరమైనా పిలుస్తుంది అవ్వా" అన్నాను, నేనే కనిపెట్టినట్టు గొప్పగా.

మోడెంని వేలితో నిమిరింది. "అయితే మా ఆయనకి పలకాలమ్మా. ఆయేల పలకలేదు గదా."

ఏ నంబరు కొట్టాలి? ఏ గడిలో టిక్కు పెట్టాలి? రిసీవరు ఎత్తి ఆమె చేతిలో పెట్టాను.

"ఇంటన్నాడా?" అని అడిగింది.

"వింటున్నాడు. పలుకు."

లేచి నిలబడింది. మబ్బు వైపు తిరిగి, రెండు చేతులతో రిసీవరు పట్టుకుని, కొండంతా వినిపించేలా గొంతెత్తింది.

"ఓ…య్! ఈడే ఉన్నాను! ఇంటి ముంగిటే ఉన్నాను!"

కాసేపటికి ఫోనులో ఎంగేజ్ శబ్దం మొదలైంది. ఆమె ఆపలేదు.

"గెడ్డేపు కాదయ్యా. ఇటు, ఇటు. మెల్లిగా. నా గొంతట్టుకుని రా."