ఎర్ర గడిలో సున్నా

దుబాయ్‌కి వచ్చి తొమ్మిదేళ్లయినా నేను సముద్రం ఒడ్డుకు పోయింది నాలుగైదు సార్లే. కానీ పనివేళలన్నీ సముద్రంలోనే గడుస్తాయి, కంప్యూటర్ తెర మీద. చమురు తీసే ప్లాట్‌ఫాంలు, నీళ్ల అడుగున పోయే పైపులైన్లు, పక్కన లంగరేసి పనివాళ్లకు బసగా ఉండే బార్జీలనే పెద్ద పడవలు, అన్నీ ఒక ఆన్‌లైన్ మ్యాపులో చుక్కలూ గీతలూ. చుక్క మీద నొక్కితే ఫారం తెరుచుకుంటుంది. వారానికోసారి బార్జీల నుంచి ఈమెయిళ్లు వస్తాయి, ఎంతమంది ఉన్నారు, ఏ పని ఎంతవరకు వచ్చింది అని. అవి చూసి ఫారంలో గడులు నింపి, గురువారం మధ్యాహ్నం రిపోర్టు బటన్ నొక్కడం నా ఉద్యోగం. జగిత్యాల దగ్గర మా ఊళ్లో నన్ను ఆయిల్ కంపెనీ ఆఫీసర్ అనుకునేవారు. నేనూ కాదనలేదు.

ఆ ఫారంలో ఏ గడి ఖాళీగా ఉన్నా ఎర్రబడుతుంది. ఎర్ర గడితో రిపోర్టు పోయిందంటే పైవాళ్లు మా ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, అడుగుతారు, ముదీర్ మమ్మల్ని తిడతాడు. అందుకే మా ఆఫీసులో ఒక పద్ధతి పడిపోయింది. లెక్క రాకపోతే సున్నా వేసేయడం, వచ్చాక దిద్దుకోవడం. "ఖాలీ మత్ ఛోడో భాయ్, జీరో మారో, బాద్ మే ఠీక్ కరేంగే," అని చేరిన మొదటి వారమే ముదీర్ నాకు నేర్పాడు. 'తెలియదు' అని రాద్దామంటే ఆ గడిలో అక్షరాలు పట్టవు, అంకెలే పడతాయి. అట్లా ఎన్ని సున్నాలు వేశానో నాకే తెలియదు. వాటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది తప్పని ఒక్కనాడూ అనిపించలేదు.

మా బావ, అంటే మా అక్క భర్త, బార్జీల మీద పెయింటర్. తుప్పు పట్టిన ఇనుమును గాలి పైపుతో ఇసుకరవ్వ చిమ్మి కొట్టి, కడిగి, రంగు వేసే పని. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో క్యాంపు. రెండు నెలలు సముద్రంలో, తర్వాత కొన్నాళ్లు క్యాంపులో. నన్ను ఇక్కడికి తెచ్చింది ఆయనే. నా వీసా కోసం ఏజెంటు గడప అరిగేలా తిరిగాడు. 2020లో సముద్రానికి పోయేటప్పుడు ఎప్పటిలాగే రెండు నెలలకు సరిపడా షుగర్ గోలీలు సంచిలో పెట్టుకున్నాడు. ఆయన అటు పోయాక కరోనా వచ్చింది. మనుషులను మార్చే పడవలు ఆగిపోయాయి. సముద్రంలో ఉన్నవాళ్లు సముద్రంలోనే ఉండిపోయారు.

మా ఆఫీసు కూడా మూతపడింది. లాప్‌టాప్ ఇచ్చి గదుల్లోనే పని చేసుకోమన్నారు. దుబాయ్ పక్కనే అజ్మాన్‌లో మా గదిలో ఆరుగురం. నా ఆఫీసు పై మంచం, తలగడ మీద లాప్‌టాప్. అప్పుడే ఒక మెయిల్ వచ్చింది. ఇకనుంచి మందుల పడవ ఏ ఏ బార్జీల దగ్గర ఆగాలో మన రిపోర్టులో మనుషుల లెక్క చూసి నిర్ణయిస్తారు అని. ఆ మెయిల్ నేను చదివాను. చదవలేదని అబద్ధమాడి తప్పించుకోవాలని చాలాసార్లు అనిపించింది కానీ, చదివాను.

బావ వాళ్లు తమ బార్జిని 'నీలం బార్జి' అనేవారు. మ్యాపులో రంగుల పేర్లుండవు, నంబర్లుంటాయి. పక్కన రెండు ప్లాట్‌ఫాంలు, వాటి మధ్య వంతెన ఉందని బావ ఒకసారి చెప్పాడు. అట్లాంటి చోటు వెతికి, దొరికిన చుక్కే బావది అనుకున్నాను. వంతెన ఉన్న ప్లాట్‌ఫాంలు ఇంకెన్ని ఉన్నాయో చూడాలన్న బుద్ధి పుట్టలేదు. పొద్దున లాగిన్ కాగానే ముందు ఆ చుక్కనే చూసేవాణ్ణి. "బావ నా కండ్ల ముందటనే ఉన్నడక్కా, రంది పడకు," అని అక్కకు ధైర్యం చెప్పేవాణ్ణి. అట్లా చెప్పడం నాకు గొప్పగా ఉండేది.

ఒక గురువారం ఒక బార్జి నుంచి మెయిల్ రాలేదు. గడి ఎర్రబడింది. సున్నా వేశాను. తర్వాతి వారమూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మూడు వారాలు, మూడు సున్నాలు. మెయిళ్లు పంపే క్లర్కు జ్వరంతో ఒడ్డుకు వచ్చేశాడనీ, అతని చోటికి ఎవరూ పోలేదనీ తర్వాత తెలిసింది. అప్పుడు నేను ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని నాది కాదనుకున్నాను.

ఆ రోజుల్లోనే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావకు గోలీలు ఒడిసిపోయినయట. కాలికి పుండైందట, మానుతలేదట. ఎవలదో ఫోన్‌ల మాట్లాడిండు. నువ్వు ఆఫీసుల పనిజేస్తివి, జెర ఎవలకన్నా చెప్పరాదు?"

బావ నాకు ఫోన్ చేయలేదు. బామ్మర్దిని సాయమడగడం ఆయనకు నామోషీ. నేను 'బావ చుక్క' మీద నొక్కి చూశాను. మందులు అందినట్టు పచ్చగా ఉంది.

"మందుల పడవ పోయిందక్కా, మ్యాపుల పచ్చగ కనవడుతుంది. బావ చక్కెర చాయ మానుతలేడు, నెపం గోలీల మీద పెడుతున్నడు."

కంప్యూటర్‌లో చూసి చెప్పిన మాట కదా, అక్క నమ్మింది. ఆయన మళ్లీ ఫోన్ చేసినప్పుడు అదే మాట అని తిట్టిందట.

నాలుగో వారం ఆ బార్జి మీదివాళ్లలోనే వేరే ఎవరో మెయిల్ పంపాడు. ముప్పై నాలుగు మంది, పేర్ల జాబితా జతచేసి. ఊరికే తెరిచాను. తొమ్మిదో పేరు బావది.

నేను రోజూ పలకరించినట్టు చూసిన చుక్కలో బావ లేడు. ఆయన ఉన్న చుక్కలో మూడు వారాలుగా మనుషులే లేరని రాసింది నేను. బార్జి మీది పెద్దమనిషి మందులు కావాలని రెండుసార్లు కబురు పెట్టాడట. ఒడ్డు మీదివాళ్లు రిపోర్టు చూసి, అక్కడ మనుషులెక్కడున్నారు, ఇది పాత కబురై ఉంటుందని పక్కన పెట్టారట.

సున్నా తీసి ముప్పై నాలుగు కొట్టాను. గడి తెల్లబడింది. ముదీర్‌కు ఫోన్ చేశాను. "ఠీక్ కర్ దియా నా? ఖలాస్," అన్నాడు. అక్కడ మా బావ ఉన్నాడని చెప్పాను. తర్వాత ఆ సాయంత్రమే ఎవరెవరినో బతిమాలి పడవ పంపించాడు. ఆ మనిషిని తిట్టుకుందామన్నా నాకు నోరు లేకుండా పోయింది.

బావను ఒడ్డుకు తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు. రెండు వారాల ముందు తెచ్చి ఉంటే కాలు నిలిచేదని డాక్టర్ అన్నాడు. మోకాలి కిందికి తీసేశారు.

ఇంటికి పోయే విమానం దొరికే దాకా బావ నా గదిలోనే ఉన్నాడు. కింది మంచం ఆయనకిచ్చాను. ఒకరోజు, "నువ్వు రోజు చూస్తవంటివి గద, మేమున్న జాగ నాకు సూపియ్యి," అన్నాడు. తప్పించుకోలేక లాప్‌టాప్ ఆయన ఒళ్లో పెట్టాను. ఆ చుక్కను చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. వంతెన ఎటువైపో, వంటగది ఎటువైపో వేలితో చూపించాడు. కింద వారాల వారీగా లెక్క ఉంది. బావ ఏడో తరగతి చదివాడు, అంకెలు బాగా వచ్చు.

"ముప్పై నాలుగు, ముప్పై నాలుగు… గీ మూడు సున్నాలేంది రా?"

"ఆ వారాలు మెయిల్ రాలే బావా."

"రాకపోతే రాలేదని రాయాలె గద. గిట్ల మనుషులే లేరని ఎవలు రాసిన్రు?"

సున్నాల పక్కనే నా లాగిన్ పేరు ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"ఆఫీసోళ్లు," అన్నాను.

ఆయన తలూపి లాప్‌టాప్ తిరిగిచ్చాడు. నాకు బతకబుద్ధి కాలేదు. ఆ సున్నాలు నావేనని ఇప్పటికీ అక్కకూ బావకూ చెప్పలేదు. చెబితే ఆయన నన్నేమీ అనడు. అదే నాకు భయం.

ఆయన విమానమెక్కాల్సిన రోజు గురువారమైంది. బట్టలు సర్దుకుంటున్నాడు, ప్యాంటు ఒక కాలు పైకి మడిచి పిన్నీసు పెట్టుకుంటున్నాడు. పైన నా తెర మీద వేరే బార్జి గడి ఎర్రగా ఉంది. ఈసారి ఖాళీగానే ఉంచాను. ఆ బార్జికి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ముదీర్ ఫోన్ వచ్చింది.

"రిపోర్ట్ కిధర్ హై భాయ్? వో ఏక్ లాల్ క్యూఁ హై? యల్లా, జల్దీ!"

అక్క ఇంటికి ఇకనుంచి నా జీతమే దిక్కు. వేలు చాలాసేపు సున్నా మీదే ఉంది. తర్వాత నొక్కాను. గడి తెల్లబడింది, రిపోర్టు పోయింది.

కింది మంచం మీంచి బావ అడిగాడు. "పని అయిందా రా?"

"అయింది బావా," అన్నాను.