దసరా చేయని లారీ

యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన లారీ అది. మాస్టారు దాన్ని కొని ఇల్లు చేశారు. వెనక చెక్క గోడలు, రెండు కిటికీలు, మడిచిపెట్టే బల్లలు, నీళ్ల పీపా, పుస్తకాల అర, ఓ మూల కిరసనాయిలు స్టవ్వు. అందులోనే పడుకుంటూ, వండుకు తింటూ, మంగళగిరి నుంచి సింగరాయకొండ దాకా ఊరూరా దేవుడు లేడని చెప్పేవాళ్లం. మాస్టారు, ఆయన భార్య, డ్రైవరు, నేను.

మా డ్రైవరు ముస్లిం. అయినా దసరా దగ్గర పట్టింపు మనిషి. అక్కడ లారీ తోలేవాళ్లందరూ అంతే. పండగ ముందురోజు బండిని జాకీ మీదికెత్తి, చక్రాలు విప్పి, బ్రేకులు శుభ్రం చేసి, అరిగినవి మార్చి, ఆ తర్వాతే పసుపు కుంకాలు పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తారు. మళ్లీ ఏడాది దాకా, చెడితే తప్ప, బండి కిందికి ఎవరూ దూరరు.

ఆ ఏడు మాస్టారు ఒప్పుకోలేదు.

"నాస్తికుల బండికి కుంకుమేమిటోయ్?"

"కుంకం లేకుండా దసరా ఏంటండీ?"

"అసలు దసరాయే వద్దంటున్నాను."

"సరేనండి," అన్నాడు డ్రైవరు ముఖం మాడ్చుకుని. కుంకుమతోపాటు జాకీ కూడా బయటికి తియ్యలేదు. మాస్టారు అడగలేదు. వాదనలో పండితులను మట్టి కరిపించిన మనిషి. పూజలో ఏది దండగో ఏది పనో విడదీయడం మాత్రం ఆయనకు తట్టలేదు. మూఢనమ్మకంతోపాటు మరమ్మతునూ ఊడ్చి పారేశారు.

మిరప కోతలనాటికి తేడా మాస్టారి భార్యే పట్టింది. వెనక గిన్నెల మధ్య కూర్చునేది ఆవిడ.

"ఏమండీ, రెండుసార్లు తొక్కితేగాని బండి ఆగట్లేదు. ఎవరికైనా చూపించండి."

"నీక్కూడా దసరా పట్టుకుందీ? నిమ్మకాయలు కట్టిద్దామా?" అన్నారు మాస్టారు.

డ్రైవరు పగలబడి నవ్వాడు.

ఒంగోల్లో ఒక శాస్త్రిగారితో వాదన ఉంది. దిగగానే వేదిక ఎక్కాలి గనక దారిలోనే అన్నం వండమన్నారు మాస్టారు. స్టవ్వుకు బిగింపు లేదు, గిన్నెకు ఆనిక లేదు. ఊరి పొలిమేరలో మిరప బస్తాల ఎడ్లబళ్లు అడ్డం వచ్చాయి. డ్రైవరు తొక్కితే బ్రేకు నేలకంటింది. పక్కనున్న పత్తిచేలోకి బండి తిప్పేశాడు. ముందు కూర్చున్న ముగ్గురం దుమ్ము దులుపుకుని దిగాం. వెనక ఉడుకుతున్న గిన్నె ఆవిడ కుడిచేతి మీద బోర్లాపడింది.

ఆసుపత్రిలో చేతికి అరిటాకు కప్పి పడుకోబెట్టారు. మాస్టారిది ఒకటే బెంగ. వంగి అడిగారు.

"పూజ చెయ్యనందుకే ఇలా అయిందనుకుంటున్నావా?"

"లేదు. బ్రేకులు చూడనందుకు."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. వరండాలోకొచ్చి నా భుజం తట్టారు.

"విన్నావటోయ్? అంత మంటలోనూ దేవుణ్ణి తలవలేదు."

సాయంత్రం వేదిక మీద ఆ మాటే చెప్పారు. 'లేదు' అన్నదాకా చెప్పి ఆపారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. శాస్త్రిగారు తల వంచుకున్నారు.

ఆవిడ కుడిచేతి వేళ్లు అతుక్కుపోయాయి. మళ్లీ ఊళ్లు తిరగడం మొదలెట్టినప్పుడు, బండిలో మా ముగ్గురికీ ఎడమచేత్తో వండిపెట్టింది.