భట్టి ఆరనివ్వని బావ

ఫోనులో జాగా నిండిపోయింది, వాడని ఆటలు తీసేయమంటారా అని ఈ ఉదయం ఫోనే అడిగింది. వాడని ఆట ఒక్కటే ఉంది, అందులో మా బావ ఉన్నాడు. తీసేయమని నొక్కాను. నొక్కాక ఆ ఎండాకాలమంతా గుర్తుకొచ్చి పొద్దంతా పాడైంది.

ఆ ఏడు మా అక్క స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక ఆమె లేచి నడిచేదాకా దగ్గరుండాలని బట్టలూ డైరీ సర్దుకొని హుజూరాబాద్ నుంచి మంచిర్యాల వెళ్ళాను. తల్లి పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె మళ్ళీ వేసే మొదటి అడుగు నా కళ్ళముందే పడాలని నా కోరిక. అక్కడ బావ ఉంటాడని తెలుసు. వాళ్ళ పెళ్ళినాటి నుంచీ మా ఇద్దరికీ పడదు. ఎందుకని అడిగితే చెరో కారణం చెబుతాం, రెండూ నిజమే. ఆయన కాగజ్‌నగర్‌లో మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు, నేను బొగ్గు గని తూకం ఆఫీసులో. ఆయన కాల్చిన బొగ్గు నేను తూచిందే కావచ్చన్న ఊహ ఇప్పటికీ నాకు నచ్చదు. సాయంత్రం నేను డైరీ తీస్తే చాలు, "ఏం రాస్తుండు మీ తమ్ముడు, నా మీద పంచనామానా?" అని అక్కను అడిగేవాడు. వారం తిరక్కముందే అక్క తీర్పు చెప్పింది: "నా మంచం కాడ ఎవ్వల నోరు లేస్తే వాళ్లు ఇల్లు ఇడిసి పోవాలె." ఇల్లు బావది. ఆయనెక్కడికి పోతాడు?

మేనకోడలు మా ఇద్దరి ఫోన్లలో ఒకే ఆట పెట్టి, ఇద్దరికీ ఒకే కొండ, ఒకే భట్టి, ఒకే పెట్టె ఉండేలా కలిపి, "అరుసుకునుడు బంద్ పెట్టి ఇందుల తవ్వుకోండ్రి, మామా" అంది. కొండ తవ్వి ఇనుపరాయి తేవాలి, భట్టిలో వేసి కరిగించాలి, వచ్చిన ఇనుముతో కావలసింది చేసుకోవాలి. పడుకునే చూస్తున్న అక్క తనకొక రైలు బండి కావాలంది, కొండ చుట్టూ తిరగాలంది. పట్టాలకు ఇనుము చాలా కావాలి, బొగ్గేమో కరువు. ఆ ఆటలో ఒక్క బొగ్గు ఎనిమిది రాళ్ళను కరిగిస్తుంది. ఒక్క రాయే వేసి అంటించినా బొగ్గు మొత్తం కాలిపోతుంది. కాబట్టి ఎనిమిదీ పోగయ్యేదాకా ఆగడం నా పద్ధతి. రాళ్ళు అయిపోతే భట్టి ఆరిపోతుంది, మళ్ళీ అంటిస్తే అదనంగా ఏమీ తినదు. ఇది బావకు మింగుడుపడలేదు. ఆరిన బాయిలర్‌ను మళ్ళీ వేడెక్కించాలంటే ఎంత బొగ్గు పోతుందో జీవితమంతా చూసిన మనిషి. ఇనుపరాయి లేనప్పుడు మామూలు బండరాళ్ళు వేసి మండిస్తూనే ఉండేవాడు.

"ఇది ఆట, బావా. దీనికి సల్లారుడు ఉండది."

"నువ్వు బొగ్గు తూకమేసినోనివి, నేను కాల్చినోన్ని. భట్టి ఆరిందంటే ఇంజనీరు తోలు తీస్తడు."

"ఇందుల ఇంజనీరు లేడు."

"గందుకే నీ అసొంటోళ్లు పెత్తనం చేస్తుండ్రు."

అక్క దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను పళ్ళు బిగించుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఫిజియో చేసే అమ్మాయి వచ్చి, రేపు నడిపిద్దామని చెప్పి పోయింది. ఆలోపే అక్క బండి నడవాలని ఆట తెరిచాను. పట్టాల కోసం నేను దాచిన బొగ్గు పెట్టెలో లేదు. భట్టి నిండా కాలిన బండరాళ్ళున్నాయి.

"నువ్వు పండుకున్నవు. భట్టి ఆరిపోతదని ఏసిన," అన్నాడు బావ, నిమ్మళంగా. "మంచిగ మండింది నీ బొగ్గు."

నేనేమన్నానో ఇక్కడ రాయను. పక్కింటి కిటికీ తెరుచుకున్నంత గట్టిగా అన్నాను. ఎప్పుడూ అరిచి మాట్లాడే ఆ మనిషి ఆ రోజు మాత్రం గొంతు పెంచలేదు.

"పొద్దుగాల బస్సుకు పో, తమ్మీ," అంది అక్క.

"తప్పు ఆయనది, అక్కా."

"తప్పెవ్వలిదని అడిగిన్నా? నోరెవ్వలిదని అడిగిన."

మర్నాడు బావ గేటుదాకా వచ్చి సాగనంపాడు, నా సంచి కూడా తనే మోశాడు. అంత మర్యాద నాకు ఏనాడూ చేయలేదు. బస్సు కరీంనగర్ చేరకముందే మేనకోడలు ఫోన్ చేసింది. అక్క లేచిందట, బావ భుజం పట్టుకుని గుమ్మందాకా నడిచిందట. మంచిదని ఫోను పెట్టేసి కిటికీ వైపు తిరిగాను.

అక్క ఇప్పుడు బాగానే తిరుగుతోంది. రమ్మంటుంది, నేను పోను. కాలం మనుషులను మెత్తబరుస్తుందంటారు. మా ఇద్దరినీ ముసలివాళ్ళను చేసి ఊరుకుంది.