మొదటి లక్ష

తెలంగాణ ఇంకా రాలేదప్పటికి. ఉప్పల్‌లో బస్సెక్కి కూర్చోగానే పక్క సీటాయన, "సారూ, ఇంగ్లీషు సదవనొస్తదా?" అని అడిగాడు. ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్నాడు. ఒక చేత్తో కడుపు అదిమి పట్టుకుని, రెండో చేత్తో కవర్లోంచి ఆరోగ్య బీమా కాగితాలు తీసిచ్చాడు. దేవుడి పటాల దగ్గర పెట్టి మొక్కినట్టున్నారు, మూలలకు పసుపు అంటి ఉంది.

"కడుపుల రాళ్లున్నయంట. నాచారం దవాఖానల ఆపరేషన్‌కు ఎనభై వేలైతదన్నరు, గిప్పుడు గాడికే పోతున్న. మూడేండ్ల సంది కడుతున్న. గీళ్లు ఎంతిస్తరో జర సూడున్రి."

చదివాను. అసలు సంగతి ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఏడ్చింది. మొదటి లక్ష మనమే పెట్టుకోవాలి, ఆ పైన అయిన ఖర్చే కంపెనీ ఇస్తుంది. అదంతా ఆయనకు విడమరిచి చెప్పాను. బాగా చెప్పానని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆయన కాగితాలు నా చేతిలోంచి వెనక్కి తీసుకున్నాడు.

"అంటే, రోగం ఇంకా జర పెద్దగైతెనే ఇస్తరన్నట్టు. గంతేనా సారూ?"

"అంతే," అన్నాను.

నాచారంలో బస్సు ఆగింది. కిటికీలోంచి దవాఖానా బోర్డు కనిపిస్తోంది. ఆయన లేవలేదు. కాగితాలు జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని కండక్టర్‌ని పిలిచాడు.

"అన్నా, మల్లాపూర్ దాక ఇంకో టికెటియ్యి. డ్యూటికి పోత."

కడుపు మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఇప్పటికీ ఆ స్టాప్‌లో బస్సు ఆగితే, నా చూపు దిగకుండా కూర్చున్నవాళ్ల మీదకే పోతుంది.