నేను కలిపిన పాము

చాలా ఏళ్లుగా ఒక కథ మోస్తున్నాను. అది నాది కాదు. అందరూ నాదే అనుకుంటారు. మళ్లీ మళ్లీ చెప్పించుకుని నవ్వుతారు, చప్పట్లు కొడతారు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీతో చెప్పగలుగుతున్నాను.

మాది యానాం. పక్కింటి వసుంధర ఫ్రెంచి బడికి వెళ్లేది, నేను తెలుగు బడికి. సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని ఆ రోజు బడిలో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేది. నాకు మొదటి ఫ్రెంచి మాటలు వచ్చింది ఆమె నోటి నుంచే. తర్వాత వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. వెళ్లిపోయారు.

పెళ్లయి సింగపూర్ వచ్చాను. మావారికి సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో పని. నేను కాలేజీ గడప తొక్కలేదు. కానీ ఇక్కడ లైబ్రరీ ఉంది. ఫ్రెంచి పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చుకుని రైల్లోనూ, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానూ చదివాను. ఎవరూ నేర్పకుండా ఒక భాష నేర్చుకున్నానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. మరి ఆ గర్వం నాకెందుకు చాలలేదు?

ఒక పుట్టినరోజు విందులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ప్రభాకర్ అంకుల్ నా ఫ్రెంచి విని, "ఏమ్మా, యానాం బడేనా మీది?" అని అడిగారు. అవునన్నాను. అంతే. లైబ్రరీలో నేర్చుకున్నానంటే ఆయన మెచ్చుకునేవారే. కానీ అప్పుడు ఆయన ముఖంలో కనబడింది మెప్పు కాదు, సొంత మనిషి దొరికిన సంతోషం. అది వదులుకోలేకపోయాను.

ఫ్రెంచి బడుల్లో చదివి పరదేశాల్లో ఉంటున్న వాళ్లందరినీ కలపాలన్న ఆలోచన నాదే. యానాం, పుదుచ్చేరి మూలాలున్న కొద్దిమందితో మొదలైంది. తర్వాత వియత్నాం వాళ్లు, మడగాస్కర్ వాళ్లు చేరారు. సెరంగూన్‌లో అంకుల్ వాళ్ల కాండో అపార్ట్‌మెంట్ల హాల్లో కలిసేవాళ్లం. వచ్చినవాళ్లకు ఉద్యోగమో, అద్దె ఇల్లో, ఎప్పుడో విడిపోయిన స్నేహితుడో దొరికేవాడు. కొత్తవాళ్లు భోజనానికి ముందు తమ బడి జ్ఞాపకం ఒకటి చెప్పాలి. ఆ ఆనవాయితీ పెట్టింది నేనే. మొదట చెప్పిందీ నేనే.

నాకు జ్ఞాపకం ఎక్కడిది? వసుంధరది చెప్పాను. గోదావరికి వరదొచ్చిన రోజు, బడి లేదని తెలియక మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వెళితే, తరగతిలో పంతులమ్మ మదామ్ ఒక్కరే బల్లమీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారట. "వచ్చావుగా, బెంచీ ఎక్కు" అని ఆ ఒక్క పిల్లకే దిక్తే చెప్పారట. దిక్తే అంటే పంతులమ్మ చదువుతుంటే తప్పుల్లేకుండా రాయడం. ఇంకాస్త నవ్వు రావాలని నేనొక నీళ్లపామును కలిపాను. అది బెంచీల మధ్య ఈదుతూ వస్తే మదామ్ దాన్ని కూడా గోల చేయకుండా కూర్చోమన్నారని.

ఒక ఆదివారం ఒకావిడ వచ్చింది. ఆమె ఉద్యోగం పోయింది. ఇక్కడ ఉండే గడువు దగ్గరపడింది. కూతురు ఇక్కడి బడిలోనే చదువుతోంది. రసాయనాల కంపెనీలుండే జురాంగ్ ఐలాండ్‌లో పెద్ద హోదాలో ఉన్న మా సభ్యుడొకాయనకు ఫ్రెంచి వచ్చిన మనిషి కావాలి. మన సంఘం మనిషైతే చాలన్నాడాయన. ఆమె వచ్చింది అందుకు. పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరుతోనే పరిచయం చేసుకుంది. నేను పోల్చుకోలేదు, ఆమె కూడా.

"వరద రోజండి. బడి లేదని నాకెవరూ చెప్పలేదండి..." అని మొదలుపెట్టింది. ఆ గొంతుతో తెలిసిపోయింది, వసుంధర అని.

ఆమె ముగించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంకుల్ మనవరాలు పకాలున నవ్వింది. "స్నేక్ మర్చిపోయారు ఆంటీ! ఇది మా ఆంటీ స్టోరీ, లా!" అంది నన్ను చూపిస్తూ, సింగపూర్ పిల్లల యాసలో.

"పామేంటమ్మా? పామేం లేదు."

"అమ్మా," అన్నారు అంకుల్, "కథ తెచ్చుకుంటే తెచ్చుకున్నారు, పామును దారిలో వదిలేస్తే ఎలా?" హాలంతా నవ్వింది.

"నాదేనండి, ఆయ్. నిజంగా నాదేనండి."

అంకుల్ నావైపు తిరిగారు. "మీ బడే కదమ్మా. ఈవిడ మీకు తెలుసా?"

తెలుసు అంటే చాలు. ఇద్దరం అక్కడే ఉన్నామని ఇంకో అబద్ధమాడినా ఆమె బతుకు నిలబడేది. నాకు అదీ తట్టలేదా? తట్టింది. తట్టినా, "గుర్తు లేదండీ" అన్నాను.

జురాంగ్ ఆయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

లిఫ్టు దగ్గరికి సాగనంపడానికి నేనే వెళ్లాను. ఎందుకు వెళ్లాను? తొందరగా పోతుందనా? ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది.

"మా అరుగు మీద కూర్చునేదానివి. నువ్వే కదూ?"

నేను లిఫ్టు మీట నొక్కాను.

"నా కథ చెప్పుకుంటే చెప్పుకున్నావే, దానికేముంది. నన్ను తెలుసనడానికి నీకేం పోయింది? నీ సంగతి నేను బయటపెడతాననుకున్నావా?"

లిఫ్టు వచ్చింది. తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డుపెట్టాను, ఆమె ఎక్కేదాకా. ఆ ఒక్క మర్యాద చేశాను.

ఆమె వెనక్కి వెళ్లి ఎవరికీ ఏమీ చెప్పలేదు. "అబద్ధాల మనిషి మనకెందుకులెండి" అన్నాడు జురాంగ్ ఆయన తర్వాత. నేను తలూపాను. కూతురి చదువు మధ్యలో ఆపించి ఇండియా వెళ్లిపోయిందని ఎవరో అన్నారు. ఏ ఊరో తెలియదు.

ఇప్పుడు మా వాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. పేరు చెబితే, ఎక్కడున్నా పాత స్నేహితుల్ని వెతికిపెడతాం. వసుంధర పేరు మాత్రం నేను అడగలేను. ఆమె నాకెలా తెలుసో చెప్పాల్సి వస్తుంది. దొరికినా ఏమని పలకరిస్తాను? ఆ పిల్ల చదువు తెచ్చివ్వగలనా? మొన్నటి కలయికలో మళ్లీ ఆ కథే అడిగారు. చెప్పాను. పాముతో సహా.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. ఒక్కసారైనా, ఎక్కడైనా, నిజం రాసి చూసుకుందామని.

ఆ వరద రోజు నేను ఆ బడిలో లేను. మా ఇంటి అటక మీద పడుకుని, వసు ఎప్పుడొస్తుందా, వచ్చి నాకేం చెబుతుందా అని ఎదురుచూస్తున్నాను.